గాడిద దొరకని మెఫీబోషెతులు

అబ్షాలోము తిరుగుబాటు చేసిన రోజు. దావీదు ప్రాణాలు అరచేత పట్టుకుని యెరూషలేము విడిచి పోతున్నాడు. ఇంటివారు, సైనికులు, చిన్నపిల్లలు సహా కిద్రోను వాగు దాటుతున్నారు. పట్నంలో ఒక మనిషి మాత్రం మిగిలిపోయాడు. యోనాతాను కొడుకు మెఫీబోషెతు, రెండు కాళ్లూ పనిచేయనివాడు. గాడిదకు గంత కట్టమని పనివాడైన సీబాకు చెప్పాడు. సీబా గంత కట్టాడు గాని యజమానిని ఎక్కించలేదు. గాడిదల మీద రొట్టెలు, పండ్లు వేసుకుని తానే రాజు దగ్గరకు పోయాడు. పైగా, రాజ్యం తనకు దక్కుతుందన్న ఆశతో మెఫీబోషెతు పట్నంలోనే ఉండిపోయాడని చాడీ చెప్పాడు. రాజు విచారణ లేకుండా మెఫీబోషెతు ఆస్తి అంతా సీబాకు ఇచ్చేశాడు.

మన ప్రసంగాల్లో మెఫీబోషెతు అంటే రెండవ సమూయేలు 9వ అధ్యాయమే. లోదెబారు నుంచి రాజు బల్ల దగ్గరకు వచ్చిన కథ, కృపకు గుర్తు. మంచిదే. కానీ అదే పుస్తకంలో 4వ అధ్యాయం 4వ వచనం ఉంది. అతడు పుట్టుకతో కుంటివాడు కాదు. అయిదేళ్ల వయసులో, యుద్ధవార్త వచ్చి దాది అతణ్ని ఎత్తుకుని తొందరగా పరుగెడుతుంటే కిందపడి కాళ్లు పోయాయి. 16, 19 అధ్యాయాల్లో రెండో పరుగు కథ ఉంది. ఒక పరుగులో కాళ్లు పోగొట్టుకున్నాడు. ఇంకో పరుగులో వెనక మిగిలిపోయాడు, నింద కూడా మోశాడు. ముందుగా ఏ ఏర్పాటూ లేకుండా ప్రజలను తరలిస్తే ఏమవుతుందో వాక్యం ఒకే మనిషి బతుకులో రెండుసార్లు చూపించింది. దాన్ని వదిలేసి రాజు బల్ల దగ్గరి విందు మీదే ప్రసంగాలు చేస్తున్నాం.

మేము ఈ వ్యాసం రాస్తున్నది ఆ గాడిద గురించే. గోపాల్‌పూర్‌లో, పూరీ పెంఠకటలో, యానాంలో, చెన్నై పెరుంబాక్కంలో, ముంబయి ధారవిలో, రాయచూరు నది ఒడ్డున మన తెలుగువాళ్లు తరాలుగా ఉంటున్నారు. తుపానో వరదో వచ్చిన ప్రతిసారీ అందరినీ తరలించాం అన్న మాట వింటున్నాం. ఆ అందరిలో మంచం దిగలేని నాయనమ్మ ఉందా? చెవులు వినబడని తమ్ముడు ఉన్నాడా? జనం గోల తట్టుకోలేని ఆటిజం బిడ్డ ఉందా? వాళ్లు వెనక ఉండిపోతే అది ప్రకృతి చేసిన పని కాదు. వాళ్లను లెక్కలో పెట్టుకోకుండా ప్రణాళిక రాసినవాళ్లు చేసిన పని.

అందరూ అంటే ఎవరు?

ముందుగా న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఒడిశా ప్రభుత్వం నేర్చుకుంది. 1999 అక్టోబరు 29 నాటి మహా తుపానులో దాదాపు 10,000 మంది చనిపోయారు. ఆ తరువాత విపత్తు నిర్వహణకు ప్రత్యేక సంస్థ పెట్టారు, తీరం పొడవునా తుపాను ఆశ్రయ భవనాలు కట్టారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేలోగా దాదాపు 10 లక్షల మందిని తరలించారు. 2019 మే 3న ఫణి పూరీ మీద పడినప్పుడు అంతకంటే ఎక్కువ మందిని తరలించారు. వేలల్లో ఉన్న చావులు పదుల్లోకి వచ్చాయి. ఇది చిన్న విషయం కాదు. దేవునికి స్తోత్రం, పనిచేసిన ఉద్యోగులకు వందనం.

కానీ పది లక్షలు అన్నది తలల లెక్క. అవసరాల లెక్క కాదు. తరలింపు ఎలా జరుగుతుందో తీరంలో ఉన్నవాళ్లకు తెలుసు. ఆటోకు మైకు కట్టి చెబుతారు. పెద్ద రోడ్డు మీదకు బస్సు వస్తుంది. నడిచి వచ్చి ఎక్కినవాళ్లు ఆశ్రయ భవనం చేరతారు. ఈ మూడు మెట్లలో ప్రతి మెట్టు దగ్గరా ఎవరో ఒకరు రాలిపోతారు.

మైకులో చెప్పింది చెవిటివాడికి వినబడదు. కళ్లు లేని అక్క వింటుంది గాని, ఆమెకు దారి కాళ్లకే తెలుసు. ఆ దారి మీద చెట్టు పడితే, నీళ్లు చేరితే ఆ జ్ఞానం పనికిరాదు. చక్రాల కుర్చీ ఇసుకలో కదలదు. బస్సు మెట్టు మోకాలెత్తు ఉంటుంది. వరద నీటి నుంచి కాపాడటానికి స్తంభాల మీద ఎత్తుగా కట్టిన భవనం, మెట్లెక్కలేనివాడికి కొండే అవుతుంది. కొత్తగా కట్టిన వాటికి ర్యాంపులు పెడుతున్నారు, సంతోషం. ర్యాంపు ఎక్కాక మరుగుదొడ్డి తలుపులో కుర్చీ పట్టకపోతే, రెండు రాత్రులు అక్కడ ఎలా గడపాలి? పదిమంది ముందు అవమానపడటం కంటే ఇంట్లోనే ఉంటాను, నన్ను వదిలేసి మీరు పోండి అని ఆ మనిషి అంటాడు. ఊరివాళ్లు దాన్ని మొండితనం అంటారు. సీబా చెప్పిన చాడీకీ ఈ మాటకూ తేడా ఏముంది?

ఇంకో సంగతి. అలాంటి మనిషి ఒంటరిగా ఉండిపోడు. అతనితో తల్లి ఉండిపోతుంది, భార్య ఉండిపోతుంది, బడి మానేసి చూసుకుంటున్న చెల్లెలు ఉండిపోతుంది. ఒక ర్యాంపు లేకపోవడం వల్ల ఒక కుటుంబం గాలికి ఎదురుగా నిలబడుతుంది. అందులో ఎక్కువ మంది ఆడవాళ్లే.

భాష ఇంకో మెట్టు

మన సముదాయాలకు ఈ కష్టం రెట్టింపు. పెంఠకటలో ఉన్న మన నోలియా మత్స్యకారుల ఇళ్లలో తెలుగు మాట్లాడతారు, హెచ్చరిక ఒడియాలో వస్తుంది. చెన్నైలో తమిళంలో వస్తుంది. చెవులు వినబడేవాడు ఆ భాష వింటూ వింటూ పట్టుకుంటాడు. వినబడనివాడికి ఆ అవకాశం లేదు. ఇంట్లోవాళ్లు నేర్పిన నాలుగు సైగలు, తెలుగులో నాలుగు అక్షరాలు, అంతే అతని ప్రపంచం. ఫోనుకు వచ్చిన సందేశం అతనికి గీతల గుంపు.

యానాం సంగతి చూడండి. గోదావరి నీటిమట్టం సంగతి ధవళేశ్వరం నుంచి, అంటే ఆంధ్ర నుంచి తెలియాలి. పరిపాలన మాత్రం ఎక్కడో దూరాన ఉన్న పుదుచ్చేరి చేతిలో ఉంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు యానాం వీధులు నీళ్లలో ఉన్నాయి. అలాంటి రోజున మంచంలో ఉన్న మనిషి పేరు ఎవరి జాబితాలో ఉండాలి? పక్క ఊరిది ఒక ప్రభుత్వం, ఈ ఊరిది ఇంకొకటి. వరదకు సరిహద్దు లేదు, జాబితాకు ఉంది.

చెన్నైలో కూవం ఒడ్డున ఉన్న పేద కుటుంబాలను, వాళ్లలో మన తెలుగు పారిశుధ్య కార్మికుల కుటుంబాలను కూడా, వరద ప్రమాదం పేరు చెప్పి ఖాళీ చేయించి పెరుంబాక్కంలో ఎనిమిది అంతస్తుల భవనాల్లో పెట్టారు. ఆ పెరుంబాక్కం ఉన్నది పళ్లికరణై చిత్తడి నేల పక్కన. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు దక్షిణ చెన్నై అంతా నీళ్లలో నిలబడింది. కరెంటు పోతే లిఫ్టు ఆగుతుంది. ఆరో అంతస్తులో పక్షవాతంతో ఉన్న మనిషికి కింద వరద, మధ్యలో మెట్లు. వరద నుంచి కాపాడతామని తెచ్చి, దిగలేని చోట కూర్చోబెట్టడాన్ని పునరావాసం అంటున్నారు.

చట్టం ఉంది, అమలు ఎక్కడ?

ఇవన్నీ పేదరికం వల్ల జరుగుతున్నాయి, ఏం చేస్తాం అనేవాళ్లున్నారు. కాదు. ఇది చట్ట ఉల్లంఘన.

వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్య సమితి ఒడంబడికను భారతదేశం 2007లో ఆమోదించింది. విపత్తుల్లో వాళ్లకు రక్షణ ఇవ్వాలని అందులో 11వ అధికరణం చెబుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 8వ సెక్షన్ ఇంకా స్పష్టంగా ఉంది. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ తన జిల్లాలో ఉన్న వికలాంగుల వివరాలు రికార్డు చేసి ఉంచాలి. ప్రమాదం వచ్చే ముందు వాళ్లకు తెలియజేసే ఏర్పాటు చేయాలి. ఇది దయ కాదు, సలహా కాదు, చట్టం పెట్టిన బాధ్యత. 2019లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఈ విషయం మీదే ప్రత్యేకంగా మార్గదర్శకాలు విడుదల చేసింది.

మరి మీ జిల్లాలో ఆ జాబితా ఉందా? ఎవరి బీరువాలో ఉంది? చివరిసారి ఎప్పుడు సరిచూశారు? చనిపోయినవాళ్ల పేర్లు కొట్టేశారా, కొత్తగా మంచం పట్టినవాళ్ల పేర్లు చేర్చారా? తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఆ కాగితం ఊళ్లో బస్సు ఎక్కించే మనిషి చేతికి వస్తుందా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేని కలెక్టరు కార్యాలయం సున్నా ప్రాణనష్టం అని ప్రకటించుకునే హక్కు కోల్పోతుంది.

2005లో విపత్తు నిర్వహణ చట్టం రాసినప్పుడు 61వ సెక్షన్‌లో సహాయం పంచేటప్పుడు వివక్ష చూపరాదన్నారు. లింగం, కులం, సముదాయం, వంశం, మతం అని వరుసగా రాశారు. వైకల్యం అన్న మాట ఆ వరుసలో లేదు. అప్పటికి ఎవరికీ గుర్తు రాలేదన్నమాట. ఆ తరువాత దివ్యాంగులు అని గొప్ప పేరు పెట్టారు. పేరులో దివ్యత్వం వచ్చింది, భవనానికి ర్యాంపు రాలేదు.

ఇంటింటికీ పోయి ఒక్కొక్కరి అవసరం రాసుకోవడం సాధ్యమా అని అధికారులు అడుగుతారు. సాధ్యమేనని వాళ్లే నిరూపించారు. 2024 అక్టోబరులో దానా తుపాను రాకముందు ఒడిశాలో ప్రసవం దగ్గరపడిన 4,000 మందికి పైగా గర్భిణులను ఆసుపత్రులకు చేర్చారు. ఎవరికి ఎన్నో నెలో ఆశా కార్యకర్త దగ్గర రాసి ఉంది కాబట్టి చేయగలిగారు. అదే ఆశా కార్యకర్తకు వీధిలో చక్రాల కుర్చీ ఎవరిదో, డయాలసిస్ ఎవరికో తెలియదా? అదే ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో 85 ఏళ్లు దాటిన వృద్ధులకు, 40 శాతం వైకల్యం ఉన్నవాళ్లకు ఇంటి దగ్గరే ఓటు వేసే సౌకర్యం ఇచ్చారు. పెట్టె పట్టుకుని ఉద్యోగులు వాళ్ల మంచం దగ్గరకు వెళ్లారు. ఓటు కోసం దొరికిన ఇల్లు, ప్రాణం కోసం దొరకదా?

జపాన్‌ను చూడండి. 2011 భూకంపం, సునామీలో అక్కడ వికలాంగుల మరణాల రేటు మిగతావారికంటే దాదాపు రెట్టింపు అని తేలింది. అంత ధనిక దేశంలో, అంత క్రమశిక్షణ ఉన్న జనంలో. వాళ్లు విధి అని ఊరుకోలేదు. 2013లో చట్టం మార్చి, తరలింపుకు సాయం కావలసిన వారి జాబితా తయారు చేయడం స్థానిక సంస్థల బాధ్యత చేశారు. 2021లో మళ్లీ మార్చి, ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క తరలింపు ప్రణాళిక రాసేందుకు కృషి చేయాలన్నారు. ఎవరు వస్తారు, ఏ దారిన తీసుకెళ్తారు, ఎక్కడ ఉంచుతారు అన్నది అందులో ఉండాలి. మనకు కావలసింది ఇదే. దీనికి ఉపగ్రహాలు అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, నలుగురు మనుషులు చాలు.

మన సంఘాలకు సూటిగా ఒక మాట

ప్రభుత్వాన్ని అడిగే నోటితోనే సంఘాన్నీ అడగాలి.

ఉపవాస ప్రార్థన చేశాం, తుపాను దారి మళ్లింది అని ప్రతి ఏటా సాక్ష్యాలు వింటుంటాం. ప్రార్థనను మేము తక్కువ చేయడం లేదు. కానీ మన ఊరికి తప్పిన తుపాను ఎక్కడో ఒకచోట తీరం దాటింది. అక్కడ ఉన్న పాకలు ఎవరివి? అక్కడ మంచంలో ఉన్నవాడు దేవుని పోలికలో పుట్టలేదా? పక్కవాడి ఇంటి మీద పడిన గాలి మనకు స్తుతి కారణం ఎలా అవుతుంది?

డిసెంబరు 3న చక్రాల కుర్చీలు పంచి ఫొటోలు దిగే సంఘాలు ఎన్నో ఉన్నాయి. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి మన మందిరంలోకే రాలేడు, ముందు ఆరు మెట్లున్నాయి కాబట్టి. తుపాను వస్తే ఊళ్లో గట్టి కట్టడం మందిరమే కాబట్టి జనం అక్కడికే వస్తారు. ఆ రోజు కూడా ఆ ఆరు మెట్లే అతణ్ని ఆపుతాయి. గోపురానికి రంగు వేయడానికి చందా దొరుకుతుంది, మెట్ల పక్కన సిమెంటు వాలు పోయడానికి కమిటీలో తీర్మానం కుదరదు.

ఇంకా చేదు విషయం ఉంది. 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో మంటలు లేచినప్పుడు మానసిక రోగులు 28 మంది కాలిపోయారు. పారిపోలేకపోవడానికి కారణం వాళ్ల జబ్బు కాదు. వాళ్ల కాళ్లకు వేసిన గొలుసులు. అది దర్గా ఊరు అని మనం వేలు చూపించనక్కర్లేదు. స్వస్థత పేరుతో మనుషులను కట్టి ఉంచే ప్రార్థన గృహాలు మన పేరు చెప్పుకుని కూడా నడుస్తున్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసు వేయడాన్ని నిషేధించింది. మీకు తెలిసిన చోట గొలుసు ఉంటే, అక్కడికి వెళ్లి ప్రార్థించకండి. విప్పించండి.

స్వస్థత కోసం ప్రార్థిస్తున్నాం కదా, ఇక ఏర్పాట్లు ఎందుకు అని అడిగే విశ్వాసులకు కపెర్నహూము గుర్తు చేస్తాం. పక్షవాతం ఉన్నవాణ్ని నలుగురు మోసుకొచ్చారు. తలుపు దగ్గర జనం దారి ఇవ్వలేదు. వాళ్లు మిద్దె ఎక్కి కప్పు విప్పి దింపారు. ప్రభువు చూసింది వాళ్ల విశ్వాసాన్ని అని మార్కు రాశాడు. ఆ విశ్వాసం మోకాళ్ల మీద మాత్రమే లేదు, భుజాల మీద ఉంది, చేతిలో తాడై ఉంది. పోయేటప్పుడు మోయడానికైనా నలుగురు కావాలని మన పెద్దలు అంటారు. మేము అడిగేది పోయాక మోసే నలుగురిని కాదు. బతికుండగా మోసే నలుగురిని.

ముందు ఎక్కువ మందిని కాపాడాలి, తరువాత మిగిలినవాళ్ల సంగతి అనే వాదన కూడా ఉంది. వినడానికి లెక్క బాగానే ఉంటుంది. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో ఓడ పగిలిన రోజు ఆ లెక్కవాళ్లు ఇద్దరు కనిపిస్తారు. పడవ దింపుకుని తాము మాత్రం జారిపోవాలని చూసిన నావికులు ఒకరు. ఖైదీలను చంపేస్తే సరిపోతుందన్న సైనికులు ఇంకొకరు. ఆ రెండూ జరగలేదు. శతాధిపతి, ఈత వచ్చినవాళ్లు ముందు దూకాలని, రానివాళ్లు పలకల మీద, ఓడ చెక్కల మీద రావాలని ఏర్పాటు చేశాడు. ఎవరికి ఏం చేతనవునో అడిగి చేసిన ఏర్పాటు అది. 276 మంది ఒడ్డుకు చేరారు. ఒక్కరూ పోలేదు. సున్నా ప్రాణనష్టం అంటే అదీ.

యవ్వనస్థులారా, ఈ పని మీది

అన్నలారా, అక్కలారా, తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! యవ్వనస్థుల కూటాలు క్రిస్మస్ క్యారల్స్‌కు రాత్రంతా ఇల్లిల్లూ తిరుగుతాయి. ప్రతి ఇల్లూ మీకు తెలుసు. తుపాను కాలం ముదిరేలోగా, అక్టోబరు రాకముందే, మరోసారి తిరగండి.

ఒకటి. మీ వీధిలో సాయం కావలసినవాళ్లు ఎవరో రాయండి. సంఘ సభ్యులే కాదు, మతం చూడకుండా అందరూ. వాళ్ల అనుమతి తీసుకోండి. ఆ పేర్లు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, పుల్పిట్ మీద చదవకండి. ఒంటరి ఆడపిల్ల వివరం తప్పుడు చేతిలో పడితే అదే ఇంకో విపత్తు.

రెండు. ఒక్కొక్కరికి నలుగురి పేర్లు రాయండి. నలుగురిలో ఒకరు ఊరికి పోయినా ముగ్గురు మిగలాలి. చెవిటివారి తలుపు ఎవరు తడతారో, కళ్లు లేనివారి చేయి ఎవరు పడతారో, చేయి పట్టాలో మోచేయి ఇవ్వాలో, ఎలా ఎత్తితే నొప్పి రాదో వాళ్లనే అడిగి నేర్చుకోండి. తెలుగులో పెద్ద అక్షరాలతో, బొమ్మలతో హెచ్చరిక అట్టలు ముందే రాసి ఉంచండి.

మూడు. సంచి సర్దించండి. వారం రోజుల మందులు, డాక్టరు చీటీ నకలు, వికలాంగ గుర్తింపు కార్డు నకలు ప్లాస్టిక్ కవరులో, వినికిడి యంత్రానికి బ్యాటరీలు, మూత్రపు గొట్టాలు, బిడ్డను శాంతపరిచే బొమ్మ. మనిషిని బస్సు ఎక్కించి కుర్చీనో చేతికర్రనో వెనక వదిలేయకండి. అవి సామాను కాదు, వాళ్ల కాళ్లు, వాళ్ల కళ్లు.

నాలుగు. ఆశ్రయ భవనానికి చక్రాల కుర్చీలో ఉన్న అన్నను తీసుకుని ముందే వెళ్లి చూడండి. తలుపు వెడల్పు టేపుతో కొలవండి. పట్టనిది ఫొటో తీసి కలెక్టరుకు, రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు అర్జీ పెట్టండి. 8వ సెక్షన్ కింద జాబితా ఏదని సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ప్రభుత్వం పని మనం చేసేస్తే ప్రభుత్వం తప్పుకుంటుందని భయపడేవాళ్లకు ఇదే జవాబు. చేస్తూనే అడగాలి.

అయిదు. ఈ కమిటీలో వికలాంగులు కూర్చోవాలి. వాళ్లను ఎలా కాపాడాలో మనం చర్చించడం కాదు, ఊరిని ఎలా కాపాడాలో వాళ్లు చెప్పాలి. వాళ్లకు అనువైన ర్యాంపు ముసలివాళ్లకు, గర్భిణులకు, చంటిబిడ్డ తల్లికి, కాలు విరిగిన మనకూ పనికొస్తుంది.

తుపాను వెళ్లిపోయాక దావీదు తిరిగొచ్చినట్టు నాయకులు వస్తారు. అప్పుడు మెఫీబోషెతు గడ్డం పెరిగి, మాసిన బట్టలతో ఎదురొచ్చి నిజం చెప్పాడు. రాజు పొలం సగం నీకు, సగం సీబాకు అన్నాడు. అది న్యాయం కాదు, సర్దుబాటు. బియ్యం సంచి, టార్పాలిన్, పరిహారం చెక్కు కూడా అలాంటి సర్దుబాట్లే, అవసరమే అయినా. ఆ మనిషి అడిగింది పొలం కాదు. అందరూ పోతున్న రోజున తానూ పోవడానికి ఒక గాడిద.

చెదిరిపోయిన జనాన్ని దేవుడు తిరిగి తీసుకొచ్చే రోజును యిర్మీయా 31వ అధ్యాయంలో చూపించాడు. ఆ గుంపులో గుడ్డివారు, కుంటివారు, గర్భిణులు, ప్రసవ వేదనలో ఉన్నవారు అందరూ ఉన్నారు. నడవలేనివాళ్లను వదిలేసి వేగంగా వచ్చిన గుంపు కాదది. మనం నమ్మే దేవుడు జనాన్ని తరలించే పద్ధతి అది. దానికి తక్కువైనది ఏ కలెక్టరు చేసినా, ఏ సంఘం చేసినా మేము ఒప్పుకోం.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికి పోకండి. ఒక నోటు పుస్తకం తీసుకుని మొదటి పేరు రాయండి. ప్రభువు మీ చేతిపనిని స్థిరపరచునుగాక.